చిలుక బొమ్మ సంచి

ఆర్మూర్,
జూన్ 18

కరుణా,

కాళ్ల వాపు తగ్గిందా? కాన్పయ్యే దాకా మంచం దిగొద్దని డాక్టరమ్మ చెప్పిందంటే దిగొద్దనే అర్థం. పొయ్యి దాకా వెళ్లొచ్చని కాదు. అత్తమ్మ నీ కోసమే కదా ఇందల్వాయి వచ్చింది, వంటిల్లు ఆమెకు వదిలెయ్.

ఈ రోజుల్లో ఉత్తరమేమిటని నవ్వకు. ఫోన్ చేస్తే మీ అమ్మ "స్పీకర్ వెట్టు బిడ్డా, నాకు ఇనవడ్తలేదు" అంటుంది. స్పీకర్ పెడితే మీ వాడకట్టంతా వింటుంది. వాట్సాప్‌లో రాస్తే నీ కొడుకు రాహుల్ కూడబలుక్కుని మరీ అమ్మమ్మకు చదివి పెడతాడు. అందుకే కాగితం. భీమన్న డీసీఎం లారీ వేసుకుని హైదరాబాద్ పోతున్నాడు. డీజిల్ పోయించుకునేటప్పుడు బంకులో మీ ఆయన, సుకుమార్ అన్న చేతికే ఇవ్వమన్నాను. చదివి చింపెయ్.

అసలు సంగతి ఇది. పోయిన గురువారం ఎస్తేరు బడిలో ప్రార్థన వరసలో కళ్లు తిరిగి పడింది. దవాఖానకు తీసుకెళ్తే రక్తం ఎనిమిది ఉందన్నారు. పదమూడేళ్ల పిల్లకు పన్నెండు ఉండాలట. మాత్రలు ఇచ్చారు. "మాత్రలొక్కటే చాలవు, రోజూ గుడ్డు, ఆకుకూర, పల్లీలు, బెల్లం, వారానికి రెండుసార్లన్నా లివరు, అదే కార్జం, పెట్టండి. మూడు నెలల్లో పదకొండు దాటకపోతే నిజామాబాద్ పెద్ద దవాఖానలో చేర్చాల్సి వస్తుంది" అన్నది డాక్టరు. పెద్ద దవాఖాన అంటే ఖర్చు, పిల్ల బడి, అన్నీ గుర్తొచ్చాయి కరుణా. బయటికి మాత్రం తల ఊపి వచ్చేశాను.

అత్తమ్మకు చెప్పలేదు. చెబితే ఆ నిమిషమే చీరలు సంచిలో కుక్కుకుని బస్సెక్కుతుంది. అప్పుడు నిన్నెవరు చూస్తారు?

మరి గుడ్లు ఎక్కడి నుంచి రావాలి? ఇంటి ఖర్చు డబ్బాలో అత్తమ్మ లెక్క నీకు తెలుసు. బియ్యం బస్తా, నూనె, పప్పు తీస్తే మిగిలేది కొత్తిమీర కట్ట. మార్కెట్ యార్డుకు పసుపు రావడం తగ్గింది, కాంటా దగ్గర మీ అన్నకు వారంలో మూడు రోజులే పని. ఎటు తిప్పినా పెద్ద ఖర్చు ఒక్కటే, మిల్లు బియ్యం. మన రేషన్ కార్డు మీదేమో నెలకు ముప్పై కిలోలు ఉత్తగా పడి ఉంటున్నాయి.

నాకు తెలుసు. "నా కుండల కంట్రోల్ బియ్యం ఉడకది" అని అత్తమ్మ ఒట్టు. ఆమె లెక్కలో ఆ బియ్యం కోళ్లకే. కానీ ఇప్పుడిచ్చేవి సన్నబియ్యం. తెచ్చాను, కడిగాను, వండి చూశాను. బాగున్నాయి. పాత మిల్లు సంచి ఉంది కదా, చిలుక బొమ్మది, అందులో పోసి మూలకు పెట్టాను. మీ అన్నకు చెబితే, "నేను ఇనలే, నాకు తెల్వది" అని చెప్పులేసుకుని యార్డుకు పోయాడు.

మామకు చెప్పలేదు. నలభై ఏళ్లు యార్డులో హమాలీ చేసి, పసుపు కొమ్ము పంటి కింద వేసి ఏ ఊరిదో చెప్పిన మనిషి. మొదటి రోజు సంచి దగ్గరికి వచ్చి నాలుగు గింజలు నోట్లో వేసుకున్నారు. నేను చేటలో పప్పు ఏరుతున్నట్టు తల వంచుకున్నాను. నమిలి, కళ్లు మూసుకుని, "మిల్లోడు ఈసారి మంచి మాల్ ఇచ్చిండు. ఏడాది పాతయి" అన్నారు.

నీ వదిన,
కృప

ఇందల్వాయి,
జూన్ 27

వదినా,

నీ ఉత్తరం చదివి మొదట ఏడ్చాను, తర్వాత నవ్వాను. చిలుక సంచి దగ్గరికి వచ్చేసరికి నవ్వాపుకోలేక దుప్పటి నోట్లో కుక్కుకున్నాను. అమ్మ పరుగెత్తుకొచ్చి "నొప్పులా? ఏడో నెలల నొప్పులేంది?" అని నా పొట్ట పట్టుకుంది.

ఎందుకు నవ్వానో తెలుసా? మా ఇంట్లో ఉన్నది గుర్రం బొమ్మ సంచి!

అవును వదినా. బంకులో ఆయనకు వచ్చే జీతంతో మిల్లు బియ్యం కొనడం ఎప్పుడో మానేశాం. అమ్మ వస్తుందనగానే ఆయనే పక్కింటి నుంచి గుర్రం సంచి అడిగి తెచ్చాడు. అమ్మ మొదటి రోజు రెండు ముద్దలు తిని ఏమందో విను. "గివి బియ్యమంటె! మల్లె మొగ్గలున్నట్టున్నయి. నా కోడలు గూడ కొంటది, ఎందుకు, గీ సువాసన రాది. ఏ మిల్లుల కొన్నవో అడ్రస్ రాసియ్యి." అప్పటి నుంచి రోజూ ఇదే పాట. గోడ అవతల సీతాబాయి పెద్దమ్మ బీడీలు చుట్టుకుంటూ కూర్చుంటుంది కదా, ఆమెకు కూడా పిడికెడు చూపించింది. పెద్దమ్మ ఆ బియ్యం చూసింది, నన్ను చూసింది, ఏమీ అనలేదు. మంచి మనిషి.

ఎస్తేరుకు పల్లీ బెల్లం ఉండలు చేస్తున్నావా? పల్లీలు అంగడిలో కొనకు, నూనె గానుగ దగ్గర విరిగిన పప్పు అడుగు, సగం ధరకు ఇస్తారు. అన్నంతో పాటు చాయ ఇవ్వొద్దట, మాత్ర పనిచెయ్యదని మా డాక్టరమ్మ చెప్పింది. నీ పేరు చెప్పకుండానే అడిగి తెలుసుకున్నాను.

నీ కరుణశ్రీ

ఆర్మూర్,
జూలై 19

కరుణా,

భీమన్న మొన్న వచ్చి పది కిలోల మూట దించాడు. "మీ అత్త సాయవ్వ పంపింది. బిడ్డ ఇంట్ల మంచి బియ్యం, మీ మామకు వండి పెట్టమన్నది" అన్నాడు. అంటే మీ కంట్రోలు బియ్యం మా కంట్రోలు బియ్యాన్ని చూడడానికి డీసీఎం ఎక్కి వచ్చాయన్నమాట.

ఏం చేస్తాను? వండాను. మామ పళ్లెం ముందు కూర్చుని ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలారు. "చూసినవా కోడలా! ఇవి బియ్యం. నువ్వు కొన్నయి మంచియే గాని, వీటి ముంగట పనికిరావు. నీ అత్త సేతి వాటమే వేరు. ఎంత ఫరకున్నది!" అన్నారు. ఎస్తేరు నా కేసి చూసి, నవ్వాపుకోలేక నోరు మూసుకుని బయటికి పరుగెత్తింది. దానికి సంగతి తెలుసు, సంచిలో పోసేటప్పుడు చిలుక మెడ పట్టుకున్నది అదే.

ఇంట్లో వంట ఇలా నడుస్తోంది. కూరగాయలకు అంగడి లేచే వేళకు పోతున్నాను. పొద్దున కిలోల్లో అమ్మినవాళ్లు అప్పుడు కుప్పల్లో ఇచ్చేస్తారు. తోటకూర, పాలకూర, పుంటికూర ఒక్కో రోజు ఒక్కోటి పప్పులో వేస్తున్నాను. మునగాకు వెనకింటి దయాకర్ వాళ్ల చెట్టుది, కొమ్మ వంచితే చాలు. ఆదివారం చర్చి నుంచి వస్తూ చికెన్ అరకిలో బదులు పావుకిలో తీసుకుని, మిగతా డబ్బుకు కోడి కార్జాలు కొంటున్నాను. మేక కార్జం ధర అడిగి వచ్చేశాను, అడగడానికి డబ్బులు తీసుకోలేదు.

కార్జం అంటే ఎస్తేరుకు అసహ్యం. మిరియాలు వేసి గట్టిగా వేయించి, పల్చగా తరిగి, "ఇది పుట్టగొడుగు" అన్నాను. రెండు వారాలు తిన్నది. మూడో వారం మామ ఎదురుగా కూర్చుని "కోడి కార్జం మస్తు వేయించినవ్ కోడలా" అన్నారు. అంతే. ఇప్పుడు ప్రతి ముక్కకూ ఒక బతిమాలుడు. నిన్న రెండు ముక్కలకు జడకు కొత్త రిబ్బను అడిగింది.

అసలు మాట చివరికి దాచాను. మళ్లీ పరీక్ష చేయించాను. తొమ్మిదిన్నర! డాక్టరు "మంచిగ పెరుగుతుంది, ఇట్లనే తినిపించండి" అన్నది. మెట్లు ఎక్కినా ఆయాసం లేదు. ఇంకా ఒకటిన్నర కావాలి. ఈ రెండు నెలలు చిలుక సంచి నిండుగా ఉంటే చాలు, ఇంకేమీ అడగను.

కృప

ఇందల్వాయి,
ఆగస్టు 4

వదినా, కొంప మునిగింది.

మొన్న సీతాబాయి పెద్దమ్మ మాటల్లో "ఇప్పుడు ఏ ఊరి కార్డుకైనా ఏ దుకాణంల అయినా బియ్యమిస్తరు" అనేసింది. అమ్మ చెవికి మిగతావేవీ వినపడవు, ఇది వినపడింది. "మా కార్డు మీదియి రెండు నెలలకెల్లి పడున్నయి. నీ కోళ్లకన్న వస్తయి" అని సంచి పట్టుకుని బయల్దేరింది. నేను మంచం మీద నుంచే వద్దన్నాను, ఎండ అన్నాను, వాన వస్తుందన్నాను. రెండూ ఒకేసారి అనకుండా ఉండాల్సింది.

దుకాణంలో వేలు పెట్టింది. ఆ అబ్బాయి మిషను చూసి, "అవ్వా, ఈ నెలయి ఆర్మూర్‌ల తీసుకున్నరు. పోయిన నెలయి గూడ" అన్నాడట.

అమ్మ ఇంటికి వచ్చిన తీరు నువ్వు చూడాల్సింది. "నా బియ్యం ఎవడో తింటున్నడు! నా కార్డు, నా పేరు, ఎవడో దొంగ లటుక్కున తింటున్నడు!" అని వాకిట్లో నిలబడి కేకలు. ఆర్మూర్ డీలరు పోచయ్యే చేసి ఉంటాడని తీర్పు చెప్పేసింది. నేను "ఏదో పొరపాటయి ఉంటుంది" అంటే, "నువ్వు వానికి వకీలువా?" అంది.

అంతటితో అయిపోలేదు. నిన్న ఆదివారం నా కోసం మా ఇంట్లోనే ప్రార్థన పెట్టి, మనవులు అడుగుతుంటే అమ్మ లేచి నిలబడి, "మా రేషన్ బియ్యం దొంగ దొరకాలె అయ్యగారూ, గట్టిగ ప్రార్థన చెయ్యుండ్రి" అని అడిగింది. సంఘమంతా కళ్లు మూసుకుని నువ్వు దొరకాలని ప్రార్థించారు వదినా. మా ఆయన నా మంచం పక్కన నిలబడి ఆమెన్ అన్నాడు. నేను కూడా అన్నాను, అమ్మ నా వైపే చూస్తోంది మరి.

వచ్చే సోమవారం భీమన్న బండిలో ఆర్మూర్ వచ్చి పోచయ్య దుకాణం ముందు కూర్చుంటానంటోంది. తహసీల్ ఆఫీసుకు దరఖాస్తు కూడా ఇస్తుందట. పాపం పోచయ్య చేసిన తప్పేముంది? త్వరగా ఏదో ఒకటి చెప్పు. నాకు ఎనిమిదో నెల, ఇంత భయం మంచిది కాదు.

కరుణ

ఆర్మూర్,
ఆగస్టు 7

కరుణా,

ఈ ఉత్తరం చింపొద్దు. అత్తమ్మను కూర్చోబెట్టి, ఆమెకు వినపడేలా గట్టిగా చదువు.

అత్తమ్మా,

పోచయ్య మంచివాడు. ఆయన మీద దరఖాస్తు పెట్టొద్దు. బియ్యం దొంగను నేనే. జూన్ నుంచి వేలు పెట్టింది నేను, తెచ్చింది నేను, చిలుక సంచిలో పోసింది నేను. మీ అబ్బాయికి తెలిసినా తెలియనట్టు ఉన్నాడు. మామకు ఇప్పటికీ తెలియదు.

ఎస్తేరుకు రక్తం ఎనిమిదికి పడిపోయింది. బడిలో కళ్లు తిరిగి పడింది. మీకు చెబితే కరుణను వదిలి వచ్చేస్తారని చెప్పలేదు. మంచి తిండి పెట్టమన్నారు. డబ్బాలో ఉన్న డబ్బంతా బియ్యానికే పోతుంటే మంచి తిండి ఎక్కడి నుంచి తేవాలో తెలియలేదు. మీ ఒట్టు మీది, నాకు తెలుసు. కానీ నా బిడ్డ నాది. ఇంకోసారి చేయాల్సి వచ్చినా ఇదే చేస్తాను. మీకు ఎదురు చెప్పాలని కాదు, అబద్ధం చెప్పలేక చెబుతున్నాను.

మిగిలిన డబ్బు ఒక్క రూపాయి పక్కకు పోలేదు. రోజూ పొద్దున మూడు గుడ్లు ఉడకబెడుతున్నాను. ఎస్తేరుకు ఒకటి, మామకు ఒకటి, మీ అబ్బాయికి ఒకటి. పాలు లీటరుకు పెంచాను. పల్లీలు, బెల్లం, ఆకుకూరలు, వారానికి రెండుసార్లు కోడి కార్జాలు. పిల్ల ఇప్పుడు తొమ్మిదిన్నర దాటింది. ఈ ఒక్క నెల కోప్పడకుండా ఉండండి. తర్వాత మీరు ఏ బియ్యం అంటే ఆ బియ్యమే వండుతాను.

మీ కోడలు,
కృప

ఇందల్వాయి,
ఆగస్టు 10

వదినా,

చదివాను. ఎంత గట్టిగా చదివానంటే "దొంగను నేనే" అన్న చోట సీతాబాయి పెద్దమ్మ బీడీల చాట పక్కన పెట్టి గోడ మీద నుంచి తల చాపింది. "ఎవలు? ఎవలు దొంగ?" అని అడిగితే, "మా కోడలే! నువ్వు బీడీలు సుట్టుకో" అని అమ్మ కసిరింది.

ఎస్తేరు సంగతి దగ్గర అమ్మ చెవి నా నోటి దగ్గరికి తెచ్చింది. "ఎనిమిదా?" అని ఒక్కసారి అడిగింది. తర్వాత కొంగు కళ్లకు పెట్టుకుంది. నేను చదవడం ఆపేస్తే "సదువు, ఆపకు" అంది. అయిపోయాక కొంగు దించి చెప్పింది.

"సురేశ్ నాలుగోది సదివేటప్పుడు నేను కంట్రోల్ బియ్యమే టిఫిన్ గిన్నెల కట్టి పంపేది. ముక్కిపోయిన వాసన. పోరగాండ్లు ముక్కులు మూసుకునేటోళ్లట. వాడు చెప్పలే. బడి ఎనుక మట్టిల పారవోసి, కడుపు మాడ్చుకుని వచ్చేటోడు. ఎండకాలం దాక నాకు తెల్వది. గా దినం ఒట్టు వెట్టుకున్న. ఉపాసం ఉన్నా సరే, నా పిల్లలకు గా బియ్యం పెట్ట అని."

అమ్మ ఎప్పుడూ ఈ మాట చెప్పలేదు. అన్న కూడా చెప్పలేదు. అది గర్వమని నేను ఇన్నేళ్లు అనుకున్నాను. నాకు సిగ్గేసింది.

ఇదే సమయమని గుర్రం సంచి సంగతి కూడా చెప్పేశాను. అమ్మ నన్ను చూసింది, మూలనున్న సంచిని చూసింది, గోడ అవతలికి చూసింది. పెద్దమ్మ తల వంచుకుని గబగబా బీడీలు చుట్టేస్తోంది. "అంటె వాడకట్టంత ఎర్కనే, నాకొక్కదానికే తెల్వది. నేను మల్లె మొగ్గలన్న మాట వాపస్ తీస్కుంటున్న" అంది. మళ్లీ పిడికెడు తీసి చూసి, "బియ్యం మాత్రం మంచిగనే ఉన్నయి, అబద్ధమెందుకు" అని తనే అంది. ఆర్మూర్ ప్రయాణం మానుకుంది. "కోడలు నడిపిస్తున్నది గద, నేను వొయ్యి ఏం జేస్త" అంది. నేను హమ్మయ్య అనుకున్నాను.

కానీ అన్నానికి కూర్చున్నాక, ముద్ద చేతిలో పట్టుకుని ఆగిపోయింది.

"గా గుడ్ల ముచ్చట మల్ల సదువు."

చదివాను. ఎస్తేరుకు ఒకటి, మామకు ఒకటి, మీ అబ్బాయికి ఒకటి. అమ్మ వేళ్లు మడిచి లెక్కపెట్టింది. ఇంటి సరుకుల్లో అగ్గిపెట్టె తక్కువైనా పట్టేసే మనిషి కదా.

"ఇంట్ల నలుగురు. గుడ్లు మూడు. నాలుగోది ఏది?"

"వదిన తినదేమో అమ్మా."

"ఎందుకు తినది? దానికి పండ్లు లేవా? పాలు ఎవలు తాగుతున్నరు అడుగు. కార్జం ఎవల పల్లెంల వడుతుంది అడుగు. అందరు తిన్నంక గిన్నెల ఏం మిగుల్తది అడుగు." వదినా, నువ్వు రాసిన ఉత్తరాలన్నీ గుర్తు చేసుకున్నాను. నాన్న ఏం తిన్నాడో రాశావు, ఎస్తేరు ఏం తిన్నదో రాశావు. నువ్వు ఏం తిన్నావో ఒక్కదాంట్లో లేదు. నేనూ అడగలేదు.

అమ్మ గొంతు తగ్గింది. "నేను గూడ గట్లనే చేసిన. అందరికి వెట్టి, అడుగంటిన గిన్నెల నీళ్లు వోసుకుని తాగేది. నన్నెవ్వలు లెక్కవెట్టలే. గందుకే లెక్క నాకు ఎర్కైంది" అంది. తర్వాత మళ్లీ మామూలు గొంతు వచ్చింది, కింద రాయమన్నది ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"కృపా, రేపే దవాఖానకు పో. బిడ్డకు తక్కువున్నదని బిడ్డనొక్కదాన్నే చూపిస్తవా? నీ రక్తం ఎంతున్నదో చూపించి, డాక్టరు సంతకం వెట్టిన కాయితం పంపు. నోటి మాట నేను నమ్మ. బియ్యం ముచ్చట నేను వచ్చినంక తేలుస్త."

కరుణ

ఆర్మూర్,
సెప్టెంబరు 6

అత్తమ్మకు, కరుణకు,

డాక్టరు సంతకం పెట్టిన కాగితాలు రెండు ఇందులో పెట్టాను. రేపే పొమ్మన్నారు కానీ, ఎస్తేరు పరీక్షతో పాటే నాదీ చేయించుకుందామని ఇన్నాళ్లు ఆగాను.

మొదటిది ఎస్తేరుది. పదకొండు పాయింట్ రెండు! నిజామాబాద్ పోనక్కర్లేదు. ఆ మాట విన్నాక నేను దవాఖాన బెంచీ మీద కూర్చుని అందరి ముందు ఏడ్చాను. ఎస్తేరు "అమ్మా, అందరు చూస్తున్నరు" అని నా చెయ్యి లాగింది. చూస్తే చూడనీ.

రెండోది నాది. ఏడున్నర.

ల్యాబు అబ్బాయి కాగితం నా చేతికి ఇస్తూ, "అక్కా, పేరు మారిపోయిందా? పాప నంబరు కంటే మీదే తక్కువుంది" అన్నాడు. డాక్టరు నన్ను తిట్టింది. మెట్లెక్కితే ఆయాసం, పొద్దున లేవగానే కళ్ల ముందు చీకట్లు, ఇవి ఎప్పటి నుంచి అని అడిగింది. నాకు గుర్తు లేదు. అలసట అనుకున్నాను అత్తమ్మా. ఇంటి పని చేస్తే అందరికీ అలాగే ఉంటుందనుకున్నాను. మీరు అడక్కపోతే నన్ను నేను ఎప్పటికీ అడిగేదాన్ని కాదు.

సాయంత్రం మీ అబ్బాయి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తూ కూర్చున్నాడు. అన్నం తినలేదు. నేను పిలిస్తే, "నేను గూడ లెక్కవెట్టలే" అని ఒక్క మాట అన్నాడు.

మామకు అన్నీ చెప్పాను, రక్తం సంగతి, బియ్యం సంగతి, మీరు పంపిన బియ్యం సంగతి. రక్తం సంగతికి కళ్లనీళ్లు పెట్టుకున్నారు. బియ్యం సంగతికి చాలాసేపు ఆలోచించి, "నాకు మొదటి దినమే ఎర్కైంది. నువ్వు బాధవడ్తవని చెప్పలే" అన్నారు. నమ్ముతారో లేదో మీ ఇష్టం, నేను మాత్రం నమ్మినట్టు తలూపాను.

ఈ రోజు పొద్దున నేను లేచేసరికి పొయ్యి మీద గిన్నె ఉంది. మామ గరిటె పట్టుకుని నిలబడి ఉన్నారు. నాలుగు గుడ్లు. "కూసో" అన్నారు. పిల్ల బడికి తయారవ్వాలి, టిఫిన్ కట్టాలి అన్నాను. "ఎస్తేరు జడ అదే అల్లుకుంటది. ముందు నువ్వు తిను, తర్వాత మేం తింటం. సాయవ్వ ఫోన్ జేసి చెప్పింది" అన్నారు. అలవాటు కొద్దీ నా గుడ్డు రెండు ముక్కలు చేసి ఒక ముక్క ఎస్తేరు పళ్లెంలో వేశాను. ఎస్తేరు ఆ ముక్క తీసి మళ్లీ నా పళ్లెంలో పెట్టింది. ముగ్గురూ నిలబడి నన్నే చూస్తున్నారు.

పెళ్లయి పద్నాలుగేళ్లయింది. ఈ ఇంట్లో అందరికంటే ముందు నేను తినడం ఇదే మొదటిసారి. ఎక్కడ చూడాలో తెలియక పళ్లెం కేసి చూస్తూ తిన్నాను. గుడ్డు లోపల సరిగ్గా ఉడకలేదు, మామ తొందరపడ్డారు. అయినా మొత్తం తిన్నాను అత్తమ్మా.

మీ
కృప